నిలవ ఉండని కేకు

ప్లమ్ కేకుకు ఓపిక ఎక్కువ. ఎండుద్రాక్ష, చెర్రీ, జీడిపప్పు అన్నీ అక్టోబరులోనే నానేసి, డిసెంబరు మొదట్లో కాల్చి, గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే క్రిస్మస్ దాటి సంక్రాంతి దాకా చెక్కుచెదరదు. రోజులు గడిచేకొద్దీ రుచి పెరుగుతుందంటారు కూడా. మా ఇంట్లో చేసేది అది కాదు. మాది ఉత్త వెన్న కేకు. వెన్న, చక్కెర, గుడ్లు, మైదా, అంతే. దించిన రోజు దానంత మెత్తనిది ఇంకొకటి ఉండదు. రెండో రోజు ఫరవాలేదు. మూడో రోజుకు అంచులు బిరుసెక్కుతాయి. నాలుగో రోజు కాఫీలో ముంచుకుని తినాల్సిందే. ఫ్రిజ్‌లో పెడితే మరీ అన్యాయం, వెన్న గడ్డకట్టి ఇటుక మాదిరి అవుతుంది.

కాబట్టి ఈ కేకు చేసిన మనిషికి సాయంత్రానికల్లా ఇంకో పని మిగిలి ఉంటుంది. ముక్కలు కోసి, పళ్లేల్లో సర్ది, మెట్లెక్కి దిగి, పదిళ్ల తలుపులు తట్టడం. చేసే పని కంటే ఈ పనే ఎక్కువసేపు పడుతుంది, ఎందుకంటే మా తిరుపతిలో పళ్లెం ఇచ్చి వెంటనే వెనక్కి తిరగడం మర్యాద కాదు. కూర్చోవాలి, కాఫీ తాగాలి, వాళ్ల కోడలి సంగతులు వినాలి.

నాకు ఈ కేకు చిత్తూరు నుంచి వచ్చింది. అక్కడ మా అవ్వ చేసేది. అవ్వకు వాళ్లమ్మ నేర్పింది, ఆమె మిషన్ బంగళాలో వంట పనికి పోయేది. అమెరికా నుంచి వచ్చిన స్కడర్ అన్నదమ్ములు 1853లో పెట్టిన ఆర్కాట్ మిషన్‌కు చిత్తూరు ఒక ముఖ్యమైన స్థావరం. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, అంతా ఉత్తర ఆర్కాటే. ఆ జిల్లా 1911 ఏప్రిల్ 1న పుట్టింది. బంగళాలో దొరసాని పుస్తకంలో చూసి చెబితే చదువురాని మా ముత్తవ్వ తక్కెడతో నేర్చుకుంది. ఆ లెక్క నాకు ఇప్పటికీ ముచ్చటే. తక్కెడలో ఒక పక్క నాలుగు గుడ్లు పెంకులతో సహా పెట్టాల. రెండో పక్క వాటికి సరితూగే వెన్న. ఆ తర్వాత అంతే చక్కెర, అంతే మైదా. కోడి పెద్ద గుడ్డు పెడితే పెద్ద కేకు, చిన్న గుడ్డు పెడితే చిన్న కేకు. కొలత గిన్నెలు, గ్రాములు ఏవీ అక్కర్లేదు. ఎంత చేయాలన్నది ఆ రోజు కోడి నిర్ణయిస్తుంది.

ఓవెన్ అనే మాట కూడా అవ్వ అనలేదు. పెద్ద దబరలో రెండు వేళ్ల మందం ఇసుక పోసి, పొయ్యి మీద కాగనిచ్చి, అందులో కేకు గిన్నె దించి, మూత వేసి, మూత మీద నిప్పులు పరిచేది. కిందా మీదా సెగ. ఎంతసేపని అడిగితే, "వాసన వీధి దాటినాక ఇంకా కొంచేపు" అనేది. ఇప్పుడు నేను 180 డిగ్రీల్లో నలభై అయిదు నిమిషాలని గడియారం తిప్పి పెడతాను. అయినా ముక్కు పనిచేయడం మానలేదు.

వెన్న సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ ప్రాంతానికి అన్యాయం చేసినట్టే. కోస్తావాళ్ల వెన్న తెల్లన, మాది పసుపు. మాది ఆవుల దేశం. పలమనేరు, పుంగనూరు వైపు పోతే పొద్దున్నే క్యాన్లు మోసుకుంటూ పాలకేంద్రాలకు నడిచే ఆడవాళ్లంతా ఆవు పాల వాళ్లే. పచ్చగడ్డిలో ఉండే పసుపు రంగును ఆవు అట్లాగే వెన్నలోకి పంపుతుంది, గేదె దాన్ని ఏ విటమిన్‌గా మార్చేసుకుంటుంది. అందుకని మా కేకుకు రంగు వేయాల్సిన పని లేదు. ఇంట్లో చిలికిన వెన్నయితే చల్లటి నీళ్లలో మూడు నాలుగు సార్లు కడగాలి. మజ్జిగ విరుగుడు పోయి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగకపోతే కేకు పుల్లటి వాసన వస్తుంది.

ఆ తర్వాత వెన్ననూ చక్కెరనూ కలిపి గిలక్కొట్టాలి. కేకు పొంగేది బేకింగ్ పౌడర్ వల్లే అనుకుంటాం గానీ, ఆ పౌడర్ కొత్త బుడగలను పుట్టించదు. చక్కెర పలుకులు వెన్నను గీరుతూ లోపలికి పోయేటప్పుడు తమతోపాటు ఇంత గాలిని తీసుకుపోతాయి. పౌడర్ ఆ బుడగలనే పెద్దవి చేస్తుంది. కొట్టకుండా పొంగమంటే ఎక్కడి నుంచి పొంగుతుంది? వెన్న మరీ గట్టిగా ఉంటే గాలి దూరదు, కరిగిపోతే నిలవదు. ఇరవై డిగ్రీల దగ్గర వేలితో నొక్కితే దిగే మెత్తదనం కావాలి. తిరుపతిలో మే నెలలో నలభై దాటే ఎండకు ఇరవై డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి! వేసవిలో ఎవరికైనా కేకు ఇవ్వాలంటే నేను తెల్లారుజామున నాలుగింటికి లేస్తాను. పై అంతస్తు నుంచి సన్నగా సుప్రభాతం వినబడుతూ ఉంటుంది. నేను కింద వెన్న కొడుతుంటాను.

అవ్వ ఈ కేకును ఏడాదికి ఒకసారి తప్పకుండా చేసేది, కోత పండుగకు. చర్చిలో కోత పండుగ చూడనివాళ్లకు చెప్పాలి. ఎవరికి పండింది వాళ్లు తెస్తారు. చెరుకు గడలు, గుమ్మడికాయలు, వేరుశనగ మూటలు, అచ్చు బెల్లం, కాళ్లు కట్టిన కోళ్లు. పొలం లేనివాళ్లు వండి తెస్తారు. ఆరాధన అయినాక అన్నిటినీ చర్చి ఆవరణలో వేలం వేస్తారు. చెట్టు కింద పెద్దమనిషి ఒకాయన నిలబడి, "ఒకటోసారి, రెండోసారి" అని అరుస్తుంటే, ఆ రోజుల్లో పావలా కాయకు పది రూపాయలు పాడేవాళ్లుండేవాళ్లు. అవ్వ కేకును పాడుకున్నవాళ్లు దాన్ని ఇంటికి తీసుకుపోగా నేను చూడలేదు. అక్కడే కోసి పంచేసేవాళ్లు. పాడినాయనకు చివరికి ముక్క మిగిలేది కాదు. ఒక ఏడాది ఆయన గిన్నెకు అంటుకున్నది గోకి నోట్లో వేసుకుని, ఇరవై రూపాయలు దీనికేనా అని నవ్వినాడు.

నేను చిన్నప్పుడు అడిగినాను, ఇంత కష్టపడి చేసి మనకు ఒక ముక్క కూడా దాచుకోకపోతే ఎట్లా అని. అవ్వ అన్నది: "ఇచ్చే బుద్ధి పుట్టిన పొద్దే ఇచ్చెయ్యాల బిడ్డా. తెల్లారితే లెక్కలు గుర్తొస్తాయి."

ఆ మాటకు లేఖనంలో ఆధారం ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. లేవీయకాండం ఎవరూ ఇష్టంగా చదివే పుస్తకం కాదు. అంతా కొవ్వు, మూత్రగ్రంథులు, బూడిద. నేనూ ఏటా దాన్ని వేగంగానే దాటేస్తాను. కానీ ఏడో అధ్యాయంలో కృతజ్ఞతార్పణ గురించి ఒక నియమం ఉంది. దాంతోపాటు నూనెతో చేసిన పిండివంటలు, అప్పడాలు తేవాలట. మన తెలుగు బైబిలులో వాడిన మాటలు సరిగ్గా ఇవే, పిండివంటలు, అప్పడాలు. చదువుతుంటే యెరూషలేము కాకుండా ఎవరో పెద్దమ్మ ఇల్లు గుర్తొస్తుంది. అసలు నియమం ఆ తర్వాత ఉంది. మొక్కుబడి చెల్లించే బలి మాంసాన్ని రెండో రోజు కూడా తినవచ్చు. కృతజ్ఞతది మాత్రం అర్పించిన రోజే తినేయాలి, తెల్లారేదాకా ఏమీ మిగల్చకూడదు.

మొక్కుకు ఒక రోజు ఎక్కువ గడువు, కృతజ్ఞతకు లేదు. ఎందుకని? మొక్కుల ఊర్లో ఇన్నేళ్లు ఉన్నదాన్ని కాబట్టి నాకు తోచింది చెబుతాను. మొక్కులో ముందే కుదిరిన మాట ఒకటుంది. ఇది జరిగితే అది చేస్తానని. మాట నిలబెట్టుకోవడం పెద్ద సంగతే, అందుకని కొంచెం వ్యవధి ఇచ్చినా చెల్లుతుంది. కృతజ్ఞతలో ముందు మాటేమీ లేదు, మేలు మాత్రం జరిగిపోయింది. దానికి గడువిస్తే అది మెల్లగా బాకీగా మారుతుంది, బాకీ అయినాక వాయిదాలు మొదలవుతాయి. ఇంకోటి కూడా ఉంది. ఒక పశువు మాంసం ఒక ఇంటివాళ్లు ఒక్క రోజులో తినలేరు. తెల్లారేలోగా అయిపోవాలంటే పక్కవాళ్లను పిలవాల్సిందే. నియమంలో పంచమని లేదు, మిగల్చొద్దని ఉంది. పంచడం దానంతట అదే జరిగిపోతుంది.

రాయలసీమ వాళ్లకు ఇది మింగుడుపడే మాట కాదు. కరువు చూసిన నేల ఇది. వడియాలు, ఊరగాయలు, గాదెలో కొర్రలు, చింతపండు ఉండలు, అన్నీ రేపటి కోసమే. అవ్వ కూడా గొప్ప పొదుపరి. పాత చీర అంచులు చించి మూటలు కట్టుకునే తాళ్లు పేనేది. అట్లాంటి మనిషి ఏడాదికి ఒక్క వస్తువు విషయంలో మాత్రం రేపు లేనట్టు బతికింది. ఎందుకో ఇప్పుడిప్పుడే కొంచెం అర్థమవుతోంది.

నేను చిత్తూరు నుంచి పెళ్లయి వచ్చింది తిరుపతిలో లూథరన్ కుటుంబంలోకి. వీళ్ల చరిత్ర వేరు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషనరీలు 1865లో సూళ్లూరుపేటలో మొదలుపెట్టి నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి దాకా వచ్చినారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి శత్రుదేశం వాళ్లని వాళ్లను నిర్బంధించి పంపించేశారు, ఆ పని అమెరికా లూథరన్‌ల చేతికి పోయింది. హెర్మన్స్‌బర్గ్ ఉండే ఉత్తర జర్మనీలో ఒక వెన్న కేకు ఉంది, బుటర్‌కూఖెన్. పులిసిన పిండిని పెద్ద పళ్లెంలో పరిచి, వేళ్లతో గుంటలు పెట్టి, గుంట గుంటలో వెన్న వేసి కాలుస్తారు. పెళ్లికీ అదే, చావుకీ అదే. సుఖదుఃఖాల కేకు అని దానికి ఇంకో పేరు. శేషాచలం కొండ కింద మిట్టమధ్యాహ్నం చెమటలు కారుస్తూ, కరిగిపోతున్న వెన్న వంక చూస్తూ ఇంటి మీద బెంగ పెట్టుకున్న ఒక దొరసానిని నేను అప్పుడప్పుడు ఊహించుకుంటాను. అది నా ఊహే. కానీ వెన్న కరగడం మాత్రం నిజం, నాకు తెలుసు.

2021 నవంబరు 18, గురువారం. తిరుపతిలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. కొండ మీద కురిసిన వానంతా ఊరి మీదికే దిగింది. కపిలతీర్థం జలపాతంలా కాదు, కొండ విరిగి పడుతున్నట్టు దూకింది. కాలిదారులు, ఘాట్ రోడ్లు మూసేశారు. వీధులు కాలవలైనాయి. మా వాటా కింది అంతస్తు. రాత్రి మంచం కోళ్లు మునిగినాయి. బియ్యం మూట తడిసింది, గ్యాస్ సిలిండర్ తేలింది. ఫ్రిజ్ మీద పెట్టిన బైబిల్, పింఛను కాగితాలు మిగిలినాయి.

పైన ఉండేది వైష్ణవుల కుటుంబం. ఆమెను మేమంతా మామి అంటాం. మెట్ల మీద టార్చి పట్టుకుని నిలబడి, "టీచరమ్మా, ఇంకా ఏం చూస్తున్నావు, పైకి రా" అన్నది. ముప్పై ఏళ్లలో నేను వాళ్ల హాలు దాటి లోపలికి పోలేదు, ఆమె పిలవలేదు, నాకు దాంట్లో ఫిర్యాదూ లేదు. ఆ రాత్రి ఆమె వంటింట్లో కూర్చుని మిరియాల చారు తాగినాము. పడుకోబోయే ముందు మా ఇంట్లో కుటుంబ ప్రార్థన అలవాటు. ఆ ఇంట్లో ఎట్లా అని నేను కళ్లు మూసుకుని లోపల్లోపలే అనుకుంటుంటే, మామి చాప సర్దుతూ అన్నది. "ఏం, ఇవాళ పాట లేదా? రోజూ కింద నుంచి వినబడేది కదా." నా గొంతు పెగలలేదు. మా ఆయన పాడినాడు. ఆయనకు శృతి లేదు, అయినా పాడినాడు.

రాయలచెరువుకు లీకు పడిందనీ, కింది ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారనీ విని వణికిన ఆదివారం కూడా మేము పైనే ఉన్నాము. మొత్తం అయిదు రాత్రులు.

క్రిస్మస్ వచ్చింది. అంతకుముందు ఏళ్లల్లో కూడా పైకి పళ్లెం పంపేదాన్ని. పండ్లు వాళ్లు తీసుకునేవాళ్లు, కేకు పనమ్మాయికి పోయేది. గుడ్డుంది కదా. నాకు తెలిసే పంపేదాన్ని, వాళ్లకు తెలిసే తీసుకునేవాళ్లు. ఆ ఏడాది అట్లా పంపడానికి మనసొప్పలేదు. వాళ్లు తినలేనిది పంపి థాంక్స్ చెప్పినాననుకుంటే ఆ థాంక్స్ నాకు నేను చెప్పుకున్నట్టే.

గుడ్డు తీసేస్తే అవ్వ లెక్క మొత్తం కూలిపోతుంది. ఆ తక్కెడలో ఒక పక్క ఉండేదే గుడ్లు! మొదటిసారి ఉత్తగా గుడ్లు మానేసి చేస్తే హల్వాలాంటిది వచ్చింది. మా అబ్బాయి ఫోనులో ఫోటో చూసి, మా, ఇది వరదలో తడిసిందా అన్నాడు. రెండోసారి పెరుగులో వంటసోడా కలిపి పోసినాను. పెరుగు పులుపు, సోడా తగిలి బాగానే నురగ కట్టింది, పొంగింది కూడా, కానీ కత్తి పెట్టగానే పొడిపొడిగా రాలింది. పట్టుకుని ఉండే పని గుడ్డుదని అప్పుడు తెలిసింది. మూడోసారి వెన్న తగ్గించి, పెరుగును గుడ్డలో కట్టి నీళ్లు ఓడ్చి, పాలు పోసి, పిండిని ఎక్కువ కలపకుండా వదిలేసినాను. నిలబడింది.

గిన్నె సంగతి ఉంది. ముప్పై ఏళ్లుగా గుడ్లు కాలిన టిన్నులో చేసి, ఇది గుడ్డు లేనిదని చెప్పడం మోసం. గాంధీ రోడ్డుకు పోయి కొత్త టిన్ను కొన్నాను, కొత్త గరిటె, కొత్త జల్లెడ. ఓవెన్ లోపల సోడాతో తోమినాను. టిన్నును వంటింట్లో వేరే మేకుకు తగిలించినాను.

తగిలించి వెనక్కి జరిగి చూస్తే అవ్వ గుర్తొచ్చింది. వాళ్ల పల్లెలో టీ అంగడి బయట, చూరు కింద, వేరే మేకుకు ఒక గ్లాసు వేలాడేదని చెప్పేది. మనవాళ్ల గ్లాసు. తాగి, కడిగి, మళ్లీ అక్కడే తగిలించాల. వేరే గిన్నె అన్న మాట వింటేనే మా ఇంట్లో పెద్దవాళ్ల మొహాలు మారిపోయేవి. నేను నా చేతులతో నా వంటింట్లో వేరే మేకు కొట్టినాను. రెండూ ఒకటేనా? చాలాసేపు అక్కడే నిలబడినాను. ఆ గ్లాసు వీళ్లు దగ్గరికి రాకూడదని పెట్టింది. ఈ టిన్ను నేను ఆమె దగ్గరికి పోవాలని పెట్టింది. అట్లాగని నాకు నేను సమాధానం చెప్పుకున్నాను. అవ్వ ఉంటే ఒప్పుకునేదో లేదో. ముందు ఒక చూపు చూసేది.

మామి ముక్క తుంచి నోట్లో వేసుకుని, "పెరుగు వేసినావా? కొంచెం పులుపు తగుల్తా ఉంది" అన్నది. ఇంకో ముక్క తీసుకుంది. నేను టిన్ను గురించి, జల్లెడ గురించి చెప్పబోతే, "నువ్వు అట్లా చేసి ఉంటావని నాకు తెలుసులే" అని ఆపేసింది. ఆ రోజు నుంచి ఏటా నవంబరు 18న ఆ టిన్ను మేకు దిగుతుంది. వచ్చిన వరదకు కాదు, వచ్చిన టార్చి వెలుగుకు.

ఆదివారం ప్రభువు బల్ల దగ్గర సంస్కారం తీసుకోవడానికి మోకరించినప్పుడు నాకు ఈ మధ్య ఒక వరుస కొత్తగా వినబడుతోంది. ఆ రాత్రి ప్రభువు రొట్టె పట్టుకుని ముందు కృతజ్ఞత చెప్పినాడు, ఆ తర్వాత విరిచినాడు. ఆ బల్లకు గ్రీకు భాషలో ఉన్న పేరు యూకరిస్తియా, అంటే కృతజ్ఞత చెప్పడమే. మర్నాడు తనకేం జరగబోతుందో తెలిసి చెప్పిన కృతజ్ఞత. తెల్లారేలోగా అయిపోవాలన్న ఆ పాత నియమం కూడా ఆ బల్ల మీద ఉన్నట్టే అనిపిస్తుంది. బైబిలు పండితులు ఒప్పుకుంటారో లేదో, వెన్న కొట్టేవాళ్లకు మాత్రం ఆ మాట అర్థమవుతుంది.

ఇక మిగిలింది ప్రసాదం సంగతి. తిరుపతిలో క్రైస్తవుల ఇంటికి లడ్డు రాకుండా ఉండదు. అవ్వ పద్ధతి ఏమంటే, ఎవరిచ్చినా రెండు చేతులా తీసుకునేది, వీధిలో పిల్లలకు పెట్టేసేది. "తీసుకోకపోతే వాళ్ల మనసు నొస్తుంది, తింటే నా మనసు నొస్తుంది" అనేది. విగ్రహాలకు పెట్టిన వాటి గురించి పౌలు కొరింథీయులకు రాసిన అధ్యాయాలు నేనూ పదిసార్లు చదివినాను. ఆయన కూడా చివరికి ఎదుటివాళ్ల మనస్సాక్షి మీదే ఎక్కువసేపు నిలబడినాడు. నేను అవ్వ దారిలోనే ఉన్నాను. మామికి ఈ సంగతి తెలుసు. మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ధనుర్మాసంలో తెల్లారుజామున పైనుంచి పొంగలి వస్తుంది. వరద తర్వాతి ఏడాది నుంచి వస్తోంది. చిన్న ఇత్తడి గిన్నె, పైన ఆకు. ఇది దేవుడికి పెట్టిందేమో అని నేను అడగలేదు, పనమ్మాయితో పంచించేదాన్ని. పోయిన ధనుర్మాసంలో మామికి మోకాళ్ల నొప్పి వచ్చి, నేనే పైకి పోయి గిన్నె తెచ్చుకోవాల్సి వచ్చింది. వంటింట్లో పొయ్యి మీద రెండు గిన్నెలున్నాయి. పెద్దది, చిన్నది. చిన్నదాంట్లో కూడా పొంగలే ఉడుకుతోంది.

"రెండెందుకు మామీ?"

"పెద్దది పెరుమాళ్లకు. చిన్నది నీకు" అన్నది, నెయ్యి వేస్తూ. "అది చూపించకుండా తీసి పెడతా. మూడేళ్లుగా అట్లాగే కదా చేస్తా ఉండేది. మా అత్తగారు ఉంటే నన్ను వంటింట్లోంచి తరిమేసి ఉండేది."

మూడేళ్ల పొంగలి పనమ్మాయి పిల్లలు తిన్నారని నేను చెప్పలేదు. గిన్నె పట్టుకుని కిందికి వచ్చి, మా ఆయనను లేపకుండా, నిలబడే ఒక చెంచా తీసుకున్నాను. వేడిగా ఉంది. మిరియాలు కాస్త ఎక్కువైనాయి.